నాలుగో తరగతి పిల్లకి సిమిలీ, మెటఫర్ ఎలా చెప్పాలి? (మా ఇంట్లో నువ్వుగింజ గొడవ)

పేట టైలరమ్మ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మా పాప నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం.

శుక్రవారం స్కూల్లో ఒక షీటిచ్చి పంపారు. అందులో ఆరు పేర్లున్నాయి: సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, హైపర్‌బోల్, ఆనమటోపియా, ఇడియం. ఒక్కోదానికి రెండేసి సొంత వాక్యాలు రాయాలి, సోమవారానికి. కింద ఒక పేరా ఇచ్చి, అందులో సిమిలీలున్నచోట గీత గీయమన్నారు. మాది చక్కగా స్కేలు పెట్టి "ఐ లైక్ మేంగోస్" కింద గీత గీసింది. ఇదేమిటే అంటే, "లైక్ ఉంటే సిమిలీ అని మిస్ చెప్పింది కదమ్మా" అంది.

సరే, ఇంగ్లీషుతో నావల్ల కాదు, తెలుగులో చెబుదామనుకున్నాను. పదో తరగతిలో ఉపమాలంకారానికి లక్షణం బట్టీ పట్టినదాన్నే కదా. "చూడమ్మా, తెలుగులో 'లా' వస్తే ఉపమ" అన్నాను. అది కిటికీలోంచి బయటికి చూసి, "అమ్మా, వాన వచ్చేలా ఉంది. ఇదీ ఉపమేనా?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఇంతలో మా అత్తగారు. పక్కింటావిడ జాకెట్టు నేను కాస్త పొట్టిగా కత్తిరించేశానని, ఆవిడకి చెప్పకుండా ఎలాగో సర్దేద్దామనుకుంటుంటే, పాప వెళ్లి ఆవిడకే చెప్పేసింది. "ఓలమ్మా, ఈ గుంట నోట్లో నువ్వుగింజ నానదే!" అన్నారు అత్తగారు. పాప ఆవిడ ముందు నోరంతా తెరిచి చూపించి, "నానమ్మా, నేను నువ్వులు తినలేదు, చూడు" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అసలు ఇది ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ఇంగ్లీషు పేర్లూ మన అలంకారాలూ ఒకటేనా? తొమ్మిదేళ్ల పిల్లకి ఇవన్నీ తొందరేమో అని కూడా అనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సాఫ్ట్‌వేర్ సుబ్బు:

ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదండీ. లైక్, యాజ్ ఉంటే సిమిలీ, లేకపోతే మెటఫర్. టేబుల్ గీసి గోడకి అంటించండి. "యాజ్ బ్రేవ్ యాజ్ ఎ లయన్", "యాజ్ బిజీ యాజ్ ఎ బీ" లాంటివి ఓ పది బట్టీ పట్టిస్తే మార్కులు వచ్చేస్తాయి. అన్నట్టు అది హైపర్‌బోల్ కాదు, "హైపర్బలీ" అని పలకాలి.

పేట టైలరమ్మ:

పలకడం చెప్పినందుకు థాంక్స్ తమ్ముడూ. పదీ బట్టీ అయిపోయాయి. పదకొండోది సొంతంగా చెప్పమంటేనే తెల్లమొహం వేస్తోంది.

చీపురుపల్లి పంతులు:

అమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. పాఠం ఆవిడ ఎప్పుడో మొదలెట్టేశారు.

నేను 31 ఏళ్లు సెకండరీ గ్రేడ్ టీచరుగా చేశాను. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల్లోనే సర్వీసంతా గడిచిపోయింది. ఇప్పుడు రిటైరై అరుగు మీద కూర్చున్నాను. కనక కాస్త పెద్ద జవాబే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

"వాన వచ్చేలా ఉంది" అని మీ పాప అడిగింది చూశారూ, అది తప్పు కాదు, మంచి ప్రశ్న. తప్పు మనం చెప్పిన సూత్రంలో ఉంది. "లా" అనేది తెలుగులో నాలుగిళ్లలో పనిచేసే మనిషి. "వాన వచ్చేలా ఉంది" అంటే మబ్బు చూసి మనకి కలిగిన అనుమానం. "అందరికీ వినపడేలా చదువు" అంటే ఎలా చదవాలో చెప్పడం. "కోతిలా గెంతకు" అన్నప్పుడు మాత్రమే పోలిక. ఇంగ్లీషులో "లైక్" కూడా అంతే, ఒకచోట పోలిక, ఒకచోట ఇష్టం. కనక మాటని పట్టుకోమని పిల్లలకి చెప్పకూడదు. నేను మూడు ప్రశ్నలు వేయించేవాణ్ని: దేన్ని? దేనితో? ఎందులో?

"మా చెల్లి కోతిలా గెంతుతోంది." దేన్ని? చెల్లిని. దేనితో? కోతితో. ఎందులో? గెంతడంలో. మూడింటికీ జవాబు దొరికింది, ఉపమే. "ఐ లైక్ మేంగోస్." దేన్ని? మామిడిపళ్లని అనుకుందాం. దేనితో? ఇక్కడే పిల్ల ఆగిపోతుంది. ఆగిపోయిందంటే సిమిలీ కాదని దానికదే తెలుసుకుంటుంది, మనం కొట్టేయక్కర్లేదు. మీరు పదో తరగతిలో చదివిన ఉపమేయం, ఉపమానం, సమానధర్మం ఈ మూడు ప్రశ్నలకి జవాబులే. నాలుగోది ఉపమావాచకం, అంటే ఆ "లా". పేర్లకి తొందరేం లేదు, హైస్కూల్లో ఎలాగూ మోస్తారు.

ఇంకో ప్రశ్న కూడా వేయించండి, పిల్లలకి భలే సరదా: ఎందులో పోలదు? "చెల్లికి తోక లేదు", "కోతి పలక పట్టదు" అంటూ ఒకటే నవ్వులు. పోలిక అంటే రెండూ ఒకటే అనుకునే పిల్లలుంటారు. వాళ్లకి ఈ ప్రశ్నతో చిక్కు విడిపోతుంది.

ఒక మెలిక చెబుతాను. "నాగావళిలా వంశధార కూడా బంగాళాఖాతంలోనే కలుస్తుంది." ఇందులో లా ఉంది, పోలిక ఉంది, మూడు ప్రశ్నలకీ జవాబుంది. అయినా ఉపమ కాదు. నదిని నదితో పోలిస్తే అది సమాచారం. కొండ మీంచి చూసి నదిని ఆడపిల్ల జడతో పోల్చారనుకోండి, అప్పుడది ఉపమ. రెండూ వేరువేరు జాతులవై ఉండాలి. నాలుగో తరగతికి ఇది చెప్పకపోయినా పర్లేదు గానీ అమ్మకి తెలిసుండాలి. ఎందుకంటే పాప రేపో మాపో "నేను మా అక్కలా పొడుగు" అని రాసి మీ దగ్గరికి తెస్తుంది.

మెటఫర్ అంటే మన రూపకం. "లా" ఎగిరిపోతుంది, రెండూ ఒకటైపోతాయి. "వాడు చెప్పే కథ జీడిపాకంలా సాగుతుంది" అంటే ఉపమ. "వాడి కథ ఒట్టి జీడిపాకం" అంటే రూపకం. వీధిలో అందరూ రోజూ అనేదే. ముందు ఉపమ చెప్పించి, తర్వాత "లా తీసేసి చెప్పు" అనండి. పది వాక్యాలకి ఏడెనిమిది చక్కగా వస్తాయి, మిగిలినవి నవ్వొచ్చేలా వస్తాయి. ("నవ్వొచ్చేలా" కూడా ఉపమ కాదు, గమనించారా?)

ఇప్పుడు నా తప్పొకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి మాట. ఐదో తరగతికి "మా నాన్న" అని ఐదు వాక్యాలు రాయమన్నాను. ఒక కుర్రాడు "మా నాన్న చేతులు తాటిమట్టలాగుంటాయి, నన్ను నిమిరితే గీసుకుంటాది" అని రాశాడు. నేను ఎర్రసిరాతో కొట్టేసి, పైన "తామరపూలవలె" అని దిద్దాను. "గీసుకుంటాది"ని "గీసుకుంటుంది" చేశాను. వాళ్ల నాన్న తాడిచెట్లెక్కే మనిషి. తాటిమట్ట అంచున రంపం పళ్లలా ముళ్లుంటాయని ఆ ఊళ్లో తెలియనివాడు లేడు. నాకూ తెలుసు, బడి గుమ్మం దాటి లోపలికి రాగానే మర్చిపోయాను. కుర్రాడు కిక్కురుమనకుండా తిరగరాసి తెచ్చాడు. దానికి వెరీగుడ్ కూడా పెట్టాను! తామరపూలు గీసుకోవు కదా మాస్టారూ అని వాడు అడగలేదు. అడిగుంటే నా దగ్గర జవాబు లేదు. ముఖచంద్రుడు, పాదపద్మాలు తప్ప ఇంకే పోలికా పోలిక కాదనుకునే రోజులవి.

అందుకే సుబ్బుగారి పది వాక్యాలతో నాకు పేచీ. "యాజ్ బిజీ యాజ్ ఎ బీ" ఇంగ్లీషువాళ్ల ఇంట్లో పుట్టిన మాట, వాళ్లకి అందంగానే ఉంటుంది. మన పిల్లలకి తేనెటీగ అనగానే గుర్తొచ్చేది కుట్టడం. మీ ఇంట్లో తెల్లారింది మొదలు క్షణం తీరిక లేకుండా తిరిగేది ఏది? మీ మిషను. "యాజ్ బిజీ యాజ్ మై మదర్స్ మెషీన్" అని రాయనివ్వండి. ఇంగ్లీషు టీచరు కొట్టేస్తారని నేననుకోను.

హైపర్బలీ అంటే అతిశయోక్తి. ఇక్కడ పిల్లలు తప్పకుండా అడుగుతారు: అబద్ధం కాదా అని. నేనేం చెప్పేవాణ్నంటే, "హోంవర్కు చేసేశాను" అని చేయకుండా చెబితే అబద్ధం. "కొండంత హోంవర్కు ఇచ్చారు" అంటే అతిశయోక్తి. మొదటిదాన్ని ఎదుటివాడు నమ్మాలని చెబుతాం. రెండోది ఎవరూ నమ్మరని తెలిసే చెబుతాం. విజయనగరంలో సిరిమానోత్సవం (పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ) చూసొచ్చిన పిల్ల ఒకతె, "సిరిమాను కొసన కూర్చున్న పూజారిగారికి చుక్కలు చేతికందాయి మాస్టారూ" అంది. నమ్మించడానికి అనలేదు, అంత ఎత్తుంది అని చెప్పడానికి అంది. ఉన్నది ఉన్నట్టు కళ్లకి కట్టేలా చెబితే దాన్ని మనవాళ్లు స్వభావోక్తి అన్నారు. అదీ అలంకారమే. ఇంగ్లీషు షీటులో దానికి చోటున్నట్టు లేదు.

ఇడియం అంటే జాతీయం. మీ నువ్వుగింజ ఇదే. జాతీయాన్ని ముక్కలు చేస్తే అర్థం జారిపోతుంది. "ఎప్పుడంటారు?" అని మాత్రం అడగాలి. అయితే లోపల ఒక బొమ్మ ఉంటుంది, అది చూపిస్తే పిల్ల జన్మలో మర్చిపోదు. నాలుగు నువ్వులు పాప నోట్లో వేసి, అవి నానేదాకా మాట్లాడకుండా కూర్చోమనండి. అరనిమిషంలో నోరు విప్పుతుంది. "చూశావా, గింజ నానేంత సేపైనా నోరు మూసుకోలేవు, అదీ నానమ్మ అన్నది" అనండి. ఇంగ్లీషు ఇడియమ్‌ని మాత్రం తెలుగులోకి లాక్కురాకండి. తేలికైన పనిని వాళ్లు "పీస్ ఆఫ్ కేక్" అంటారు. కేకు ముక్క అంటే మన పిల్లలకి పుట్టినరోజే.

ఆనమటోపియా ధ్వన్యనుకరణం. దీంట్లో తెలుగువాడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. గలగల, జలజల, పకపక, చిటపట, దబదబ. మీ మిషను పక్కన కూర్చోబెట్టి విని రాయమనండి, చాలు.

తొందరేమీ కాదమ్మా. మాటలు తనకి వచ్చినవే, పేర్లే కొత్తవి.

ఉద్దానం కొబ్బరి:

అక్కా, మాస్టారు పర్సానిఫికేషన్ వదిలేశారు, అది నేను చెబుతా. మాది పలాస దగ్గర పల్లెటూరు. ఊళ్లో పిల్లలకి సాయంత్రం ట్యూషన్లు చెబుతుంటాను.

ప్రాణం లేనిదానికో, జంతువుకో, చెట్టుకో మనిషి పనులు, మనిషి బాధలు అంటగట్టడం. తెలుగులో ఇప్పుడు మానవీకరణ అంటున్నారు. పిల్లలు ఎక్కడ పొరబడతారంటే, "కుక్క తోక ఊపింది" కూడా రాసేస్తారు. తోక ఊపడం కుక్క సొంత పని! "కుక్క నాకు లెక్కలు చెప్పింది" అంటే మానవీకరణ. "గాలి వీచింది" కాదు, "గాలి తలుపు తట్టింది" అవును. నేను అడిగించే ప్రశ్న ఒకటే: ఈ పని నిజంగా ఎవరు చేస్తారు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడింది. ఉద్దానంలో కొబ్బరితోటలు పడిపోయాయి, జీడితోటలు పడిపోయాయి. మా అమ్మమ్మ ఆ రాత్రి గురించి ఎప్పుడు చెప్పినా, "కొబ్బరిచెట్లు జుట్టు ఇరబోసుకుని తల బాదుకున్నాయే" అంటుంది. ట్యూషన్లో ఆ ఒక్క మాట చెప్పాను. ఒక పిల్లాడు లేచి, "అవును టీచర్, మా తోటలోవి సాష్టాంగపడిపోయాయి" అన్నాడు. ఇంక నేను వేరే ఉదాహరణ వెతకలేదు. తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలుక అని చెబితే మాత్రం ఎవరూ నమ్మలేదు. "సీతాకోకచిలుక అలా చేస్తాదా?" అని దెబ్బలాటకొచ్చారు.

ఇంకోటి. టెక్కలి దగ్గర తేలినీలాపురం వైపు ఎప్పుడైనా తీసుకెళ్లండి. ఏటా గూడబాతులు వచ్చి, చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపుకుని వెళ్లిపోతాయి. అక్కడివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులంటారు. మాస్టారు చెప్పిన రూపకం అదే కదా! ఏది దేనికి సమానమో పాపనే జతపరచమనండి. పక్షులు ఆడపడుచులైతే చెట్టు ఏమిటి? పుట్టిల్లు. రాళ్లు విసిరే పిల్లల్ని అదిలించే ఊరివాళ్లు ఎవరు? మా ట్యూషన్లో ఒకతె "మేనమామలు" అంది.

పొడుపు కథలు కూడా వాడండి. నా లెక్కలో పొడుపు కథంటే సగం దాచేసిన రూపకం. "తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు." కాగితం పొలం, అక్షరాలు విత్తనాలు. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది." కవ్వం. ఇందులో మానవీకరణ కూడా ఉంది. పాత పొడుపు కథలు నాలుగు విప్పాక, వాళ్లనే కొత్తవి కట్టమంటాను. మా ఊరి సరుకు ఇదిగో: "కడుపులో దాచుకోవాల్సిన పిక్కని కిందకి వేలాడేసుకుని తిరిగే సోకులాడి." జీడిపండు! కట్టింది మూడో తరగతి గుంట.

రాజాం రాము:

ఒక సరదా సంగతి. చిన్నప్పుడు మా పుస్తకంలో "సూర్యుడు కొండల వెనక నుంచి తొంగి చూశాడు" అని ఉండేది. మా ఇళ్లలో తొంగోడం అంటే పడుకోవడం. సూర్యుడు పడుకుని చూస్తున్నాడని బొమ్మ గీశాను, కొండ మీద దిండు కూడా వేసి. మాస్టారు వీపు విమానం మోత మోగించారు (ఇది అతిశయోక్తి). పాఠంలో మాట ఇంట్లో మాట ఒకటేనో కాదో ముందు చూసుకోండక్కా.

పంతులుగారూ, ఒక అనుమానం. "మబ్బులు ఏనుగుల గుంపేమో అన్నట్టున్నాయి" అంటే ఉపమా? ఉత్ప్రేక్షా? ఇంగ్లీషులో దీన్నేమంటారు?

చీపురుపల్లి పంతులు:

ఉత్ప్రేక్ష నాయనా. ఉపమలో పోలుస్తాం, ఉత్ప్రేక్షలో ఊహిస్తాం. ఆ "ఏమో" చూశావా, అదే గుర్తు. ఇంగ్లీషు బడి పాఠాల్లో దానికి వేరే గది లేదు, చాలావరకు సిమిలీ గదిలోనే సర్దేస్తారు. ఆమాటకొస్తే అన్ని పేర్లూ ఇంచుకి ఇంచు అతకవు. ఎలిటరేషన్ అంటే ఎక్కువగా మాటల మొదట్లో వచ్చే శబ్దం. మన వృత్త్యనుప్రాసకి ఆ నియమం లేదు, హల్లు ఎక్కడైనా మళ్లీ మళ్లీ రావచ్చు. "కాకి కేకకి కోకిల కూడా కంగారుపడింది" అంటే రెండు లెక్కల్లోకీ వస్తుంది. నాలుగో తరగతికి ఇవి వద్దులే.

నీ దిండు బొమ్మ ఉంటే దాచుకో. నేనైతే మార్కులేసేవాణ్ని. ఇప్పుడు.

పేట టైలరమ్మ:

మాస్టారూ, చెల్లీ, రామూ, అందరికీ దండాలు. నిన్న రాత్రి భోజనాలయ్యాక కూర్చున్నాం. నువ్వుల పరీక్ష పెట్టాను. అరనిమిషం కూడా ఆగలేదు, పదిహేను లెక్కపెట్టేలోపు "అమ్మా, ఒకటి పంట్లో ఇరుక్కుంది" అంది. మా అత్తగారు పడీపడీ నవ్వారు. ఇడియం కింద అదే రాసింది. ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలీక తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేసింది. టీచరుగారు ఏమంటారో చూడాలి.

"ఐ లైక్ మేంగోస్" గీత తనే రబ్బరు పెట్టి చెరిపేసింది. సిమిలీకి మిషను వాక్యం రాసింది. పర్సానిఫికేషన్‌కి కూడా మిషనే: "అమ్మ మిషను నూనె వేయకపోతే అలుగుతుంది." అది నేనన్న మాటేనట, నాకే గుర్తులేదు. మెటఫర్ కింద "మా నానమ్మ రేడియో" అని రాసింది. ఆవిడకి చదివి వినిపించలేదు. ఆనమటోపియాకి టకటక, కిర్రుకిర్రు. కిర్రుమనేది మిషను కాదు, మా తలుపు. తలుపుక్కూడా నూనె వేయాలట.

అత్తగారు మధ్యలో, "ఏటే ఆ సిమిలీ, సిమిలీ? సిమ్నీ దీపమా?" అని అడిగారు. దేన్ని, దేనితో, ఎందులో అని పాపే ఆవిడకి పాఠం చెప్పింది. ఆవిడ అంతా విని, "దీనికో పేరెందుకు?" అన్నారు.

హైపర్బలీలో ఒకటి మిగిలింది మాస్టారూ. మొదటిది "నా బ్యాగు ఏనుగంత బరువు" అని రాసింది, బానే ఉంది. రెండోది "మా నానమ్మని ఒక్క అరిసె అడిగితే వంద అరిసెలు చేస్తుంది" అని రాస్తానంటోంది. నాకు అనుమానంగా ఉంది. ఎందుకంటే మా అత్తగారు నిజంగానే వంద చేస్తారు. పోయిన సంక్రాంతికి నేనే లెక్కపెట్టాను, నూట పన్నెండు.

చీపురుపల్లి పంతులు:

అయితే అది స్వభావోక్తి తల్లీ. వెయ్యి అని రాయమను.